నేను మూసిన ఎనిమిది కంతలు

శ్రావణమాసం రెండో శుక్రవారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు మా ఇంటి కింద నుంచి, తూర్పు గోడ చివరి కంతలోంచి పొగ బయటికి వచ్చింది. గడియారం నేనే చూశాను. అప్పుడే బస్సు దిగి వీధిలోకి వస్తున్న మనిషి ఒకడు చేతిసంచి కింద పడేసి, "అవ్వో! మనె అంటుకొన్యాది, బయటికి రాండి!" అని కేకలు పెట్టాడు. మేమంతా బయటే ఉన్నాం. ఇల్లు అంటుకోలేదు. ఆ పొగ మేమే పెట్టాం. అది ఆ కంతలోంచి బయటికి రావాలని రెండు నెలలు మట్టిలో పొర్లాడాం.

ఎందుకో చెప్పాలంటే ముందు ఇల్లు ఎట్లాంటిదో చెప్పాలి.

మాది బళ్ళారి సీమలో కాలువ కింద ఊరు. భూమి నల్లరేగడి. నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే చేయి పట్టేంత నెర్రెలు విడుస్తుంది. అందుకని మా మామ ఈ ఇల్లు కట్టించినప్పుడు నేల మీద నేరుగా బండలు పరిపించలేదు. మోకాలెత్తు రాతి గోడలు లేపించి, వాటి మీద బండలు వేయించాడు. బండల కింద అంతా ఖాళీ. ఆ ఖాళీలోకి గాలి పోను తూర్పున నాలుగు, పడమర నాలుగు కంతలు పెట్టించాడు. ఒక్కొక్కటి ఇటుకంత ఉండేది. నేను కాపురానికి వచ్చేసరికి ఇంటికి ఇంకా సున్నం వాసన పోలేదు. ఎండాకాలంలో ఆ బండల మీద ఒట్టి ఒంటితో పడుకుంటే చల్లగా ఉండేది, చెమ్మ మాత్రం ఉండేది కాదు. ఆ రెంటికీ తేడా ఉంది. ఆ తేడా నేను మధ్యలో మరిచిపోయాను.

మా మనవరాలిని తోరణగల్లులో ఇచ్చాం. మొగుడికి ఉక్కు కార్ఖానాలో పని. పోయిన జ్యేష్ఠంలో ఆ పిల్లకు ఐదో నెల. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి, ఇది మాలో అడగాల్సిన మాటే కాదు. అందులోనూ నాకు ఇంకో ఆశ ఉంది. పసిబిడ్డను చాచిన కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోయడం నాకు వచ్చినంత బాగా ఈ ఊళ్ళో ఎవరికీ రాదు. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు, ఎవరినైనా అడగండి. ఈ వీధిలో మీసాలు తిప్పుతున్న మగవాళ్ళు చాలామంది నా కాళ్ళ మీద ఏడ్చినవాళ్ళే. అంతమందికి పోసిన నేను నా మనవరాలి బిడ్డకు పోయకపోతే ఎట్లా? ఆ నెలల్లో నా తలలో ఇంకో ఆలోచన లేదు.

జ్యేష్ఠంలోనే మనవరాలి అత్త మా ఇంటికి వచ్చింది. కాన్పుకు గది చూసుకుని పోదామని వచ్చినట్టు తర్వాత అర్థమైంది. ఆమె నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. మాట మాత్రం నా అంత నిక్కచ్చి. నడింట్లో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాం. తాగి లోటా కింద పెట్టి, కూర్చున్న చాప అంచు పట్టుకుని పైకి లేపింది.

"ఇది ఏంది పెద్దమ్మా?"

"చాప."

"చాపని నాకూ తెలుస్తాది. చాప కింద నల్లగా ఇది ఏందని అడుగుతాండా."

అది బూజు. ఆమె అరచేయి బండ మీద ఆనించి, తీసి, వెలుతురులో చూసుకుంది. చేయి తడిగా మెరిసింది. తర్వాత లేచి ద్వారబంధం మీద వేలితో తట్టింది. లోపల చెదలు తిని వదిలేసిన కర్ర డబ్బాలా మోగింది. ఆమె తట్టిన చోటు నుంచి ఒక జెర్రి, పిలిస్తే వచ్చినట్టు వచ్చి, మా అందరి ముందు నుంచి తీరిగ్గా నడుచుకుంటూ వంటింట్లోకి పోయింది.

"ఇంగ కాలువకు నీళ్ళే ఇడిసిల్ల్యా. ఎండల్లోనే ఇంత తంపు ఉండాదంటే, నీళ్ళు వదిలినంక ఎట్లుంటాది?" అంది మా కోడలితో. "తప్పు పట్టుకోవద్దక్కా. ఈ తంపులో కూసును పండబెట్టేకి నా మనసు ఒప్పదు. దగ్గు పట్టిందంటే నెల పిల్లకు ఏం చేస్తాం?" వాళ్ళ మాటలో తంపు అంటే చెమ్మ, కూసు అంటే పసిబిడ్డ.

"మందు కొట్టిస్తాం వదినా," అంది మా కోడలు.

"కొట్టియ్యి. శ్రావణంలో మళ్ళా వస్తా. అప్పటికి కాలువ నిండా పారతాంటాది. ఆ పొద్దు ఈ బండ మీద నా చెయ్యి పొడిగా ఉంటే పిల్ల ఈడికే వస్తాది. ల్యాకుంటే కాన్పు తోరణగల్లులోనే. ఆస్పత్రి పక్కనే ఉండాది. నీళ్ళు పోసేకి ప్లాస్టిక్ తొట్టి కొనుక్కుంటాం."

ప్లాస్టిక్ తొట్టి! నాకు కోపం వచ్చింది. ఆమె చెప్పిందంతా నిజం కావడం వల్ల ఇంకా ఎక్కువ వచ్చింది.

ఆ సాయంత్రం నుంచే మా ఇంట్లో వైద్యం మొదలైంది. మా కొడుకు బళ్ళారి నుంచి చెదల మందు తెచ్చి మూలమూలనా కొట్టాడు. మూడు రోజులు ఇల్లంతా ఆ కంపే. చెదలు మా కంటే బాగానే తట్టుకున్నాయి. తర్వాత బండల మీద ప్లాస్టిక్ పట్టా పరిచాడు. రెండో రోజు పట్టా ఎత్తి చూస్తే దాని అడుగున నీళ్ళు ముత్యాల్లా పేరుకున్నాయి. అప్పుడు నేను మా కోడలి మీద పడ్డాను.

"బిందెలు బిందెలు పోసి నేల తుడుస్తాండావు. తడి రాక ఏం వస్తాది?"

మా కోడలు చీపురు పక్కన పెట్టి నన్ను చూసింది. ఈమె గురించి ఒక మాట చెప్పాలి. నాకు ఏభై ఎనిమిదో ఏట అక్షరాలు నేర్పింది ఈమే. కూతురి పాత పలక నా ముందు పెట్టి, తప్పు రాస్తే పదిసార్లు రాయించి, బస్సు బోర్డుల నుంచి రేషన్ కార్డు దాకా చదివించింది. అట్లాంటిది, "సరే అత్తా, ఈ పొద్దు నుంచి తడి గుడ్డ ముట్టను," అని మాత్రం అని ఊరుకుంది. వారం రోజులు ఒట్టి చీపురుతోనే ఊడ్చింది. చెమ్మ కొంచెం కూడా తగ్గలేదు.

ఇక మా కొడుకు తేల్చేశాడు. బండలు తవ్వి తీసి, కింద కంకర నింపి, కాంక్రీటు పోసి, పైన టైల్సు వేయిస్తానన్నాడు. టైల్సు రంగు కూడా చూసి వచ్చాడు. కొలతలకు మా ఊరి బేల్దారిని పిలిపించాడు. ఇళ్ళు కట్టడంలో ఇక్కడ ఆయన మాటే మాట. ఆయన వచ్చి కొలతలు తీయకుండా సుత్తి వెనక్కి తిప్పి పట్టుకుని, పిడితో బండల మీద కొడుతూ నడింట్లో అటూ ఇటూ తిరిగాడు.

"ఏం అవ్వా, కింద అంతా బోలు ఉండాదే," అన్నాడు.

"మా మామ అట్లే కట్టించినాడప్పా."

"కట్టించినాడు సరే. గాలి కంతలు యాడ ఉండాయి? ఇట్లా బోలు పెట్టినోడు కంతలు పెట్టకుండా ఉండడే."

ఇక్కడ నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను. ఆయన అడగగానే నాకు అంతా తెలిసిపోయింది. నోటితో మాత్రం, "ఏం కంతలప్పా? మనెకు కంతలు ఎవరు పెట్టుకుంటారు?" అన్నాను. మా కోడలు పక్కనే నిలబడి ఉంది.

ఆ ఎనిమిది కంతలూ మూసింది నేనే.

మా కొడుకు ఉయ్యాలలో ఉన్నప్పటి మాట అది. ఒక పొద్దున పడమటి వైపు కంత దగ్గర పాము పొర కనపడింది. పొడుగ్గా, తెల్లగా, సగం లోపల, సగం బయట. మా ఆయన ఎద్దుల బండి కట్టుకుని సిరుగుప్పకు వడ్లు తోలుకుపోయాడు. మా మామ అప్పటికే పోయాడు, ఇంట్లో నేను ఒక్కదాన్నే. పసివాడిని పక్కింట్లో ఇచ్చి, బంకమట్టి, పేడ, కుండ పెంకులు కలిపి, ఎండ ఎక్కేలోపల ఎనిమిది కంతలూ మూసేశాను. మొదట కర్రతో కొట్టి శబ్దం చేశాను, పాము ఉంటే పోవాలి గదా అని. మా ఆయన వచ్చి చూసి, "మూస్తివా?" అన్నాడు. "మూస్తిని," అన్నాను. అంతే.

ఇంకొకటి ఉంది. తూర్పు వైపు మొదటి కంత పైన, ఇల్లు కట్టిన బేల్దారి పచ్చి గచ్చు మీద ఏవో అక్షరాలు గీశాడు. ఆయనది ఏటి పక్క కెంచనగుడ్డ ఊరు, భక్తిపరుడని పేరు. నాకూ మా ఆయనకూ అప్పుడు అక్షరం ముక్క రాదు. అట్లాంటి మనిషి రాస్తే దేవుడి పేరు కాక ఇంకేం రాస్తాడనుకున్నాను. కంత మూసేటప్పుడు ఆ అక్షరాల మీద మట్టి పడకుండా చీర చెంగుతో తుడిచి మరీ మూశాను. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం వాటికి పసుపు పూసి బొట్టు పెట్టాను. మా కొడుకు బడికి పోయి చదవడం నేర్చే నాటికే పసుపు మందంగా పేరుకుని అక్షరాలు మునిగిపోయాయి. వాడి పెళ్ళికి గోడలకు సిమెంటు పూయించినప్పుడు కూడా, "ఆడ దేవుడు ఉండాడు, ముట్టొద్దు," అని పనివాళ్ళతో పోట్లాడితే, ఆ చోటు వదిలి చుట్టూ చదరంగా గూడులా కట్టి ఇచ్చారు. చక్కగా కట్టారు. వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

బేల్దారి నా మాట నమ్మలేదు. మధ్యాహ్నం దాకా గోడల వెంట తిరిగాడు. సిమెంటు పూత మీద తట్టుకుంటూ, ఒక చోట ఆగి చెవి ఆనించి, ఉలి తెమ్మన్నాడు. పడమటి వైపు పూత ఊడగొడితే కుండ పెంకు కనపడింది. దాన్ని పీకి తీశాడు. లోపలి నుంచి వచ్చిన వాసన మీకు ఎట్లా చెప్పేది? తడిసిన గోనెసంచి, చచ్చిన ఎలుక, పాత బావి, మూడూ కలిసిన వాసన.

"దీన్ని ఎవురో కావాలనే మూసినారు," అన్నాడు బేల్దారి పెంకు చేతిలో తిప్పుతూ.

"మా తాత కాలంలో మూసి ఉంటారు," అన్నాడు మా కొడుకు.

నేను వంటింట్లోకి పోయి పని లేకపోయినా పొయ్యి ఊదాను.

ఒక్కొక్క కంతే తెరుస్తూ పోయి, నాలుగో రోజు ఆయన తూర్పు వైపు మొదటి కంతకు వచ్చాడు. దాని పైనున్న గూటిని చూసి చెప్పులు విడిచాడు. "పసుపు గీకితే తప్పు పట్టుకుంటాడేమో," అన్నాడు. "నేను గీకుతా," అని మా కోడలు కూర్చుంది. తడి గుడ్డ వేసి నానబెట్టి, దోసె తీసే అట్లకాడతో పొర తర్వాత పొర తీసింది. పసుపు, సున్నం, ఎర్రమన్ను, మళ్ళీ పసుపు. అరచేయి మందం. అడుగున అక్షరాలు తేలాయి. తెలుగే. వంకరగా ఉన్నా లోతుగా గీసినవి. మా కోడలు చదివి, లేచి పక్కకు జరిగి, "నువ్వు చదువు అత్తా," అంది.

నేను వంగి వేలు పెట్టి కూడబలుక్కున్నాను. గా. లి. గాలి. పొయ్యేకి. గాలి పొయ్యేకి. కింద వరుసలో ఒక్కటే మాట. ముయ్యొద్దు.

మళ్ళీ చదివాను. మారలేదు.

నలభై ఏళ్ళకు పైగా 'ముయ్యొద్దు' అనే మాటకు ప్రతి శుక్రవారం బొట్టు పెట్టాను. దాని కిందనే కంత మూసి పెట్టాను. ముందు బేల్దారి నవ్వాడు, చెప్పులు వేసుకుంటూ. తర్వాత మా కొడుకు నవ్వాడు. నేను అప్పుడు చెప్పేశాను. "నేనే మూసినా. పాముకు భయపడి మూసినా. ఆ పొద్దు బేల్దారి అడిగితే తెలిసీ తెల్లేదన్నా. కోడలి మీద ఊరికే పెట్టినా, తప్పు నాది."

మా కోడలు నవ్వలేదు. లోపలికి పోయింది. తిరిగి వచ్చేసరికి చేతిలో పలక, బలపం ఉన్నాయి. నా ముందు పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని, "ముయ్యొద్దు. పదిసార్లు రాయి," అంది.

"ఏమ్మే, ఇంతమంది ముందరనా?"

"బిందెలు బిందెలు పోస్తాండావని ఎంతమంది ముందర అన్నావు? రాయి అత్తా."

రాశాను. యకు య వత్తు ఏడోసారి తప్పు పోతే మొదటి నుంచి రాయించింది. అప్పుడు నవ్వింది. పడీపడీ నవ్వింది. నేను కూడా.

కంతలు తెరిచినంత మాత్రాన సరిపోలేదు. మా బేల్దారి చెప్పినట్టు, మట్టితో మూసిన రోజుల్లో మా ఇంటికి ఏదో కొంచెం ఊపిరి ఆడింది. పెళ్ళికి సిమెంటు పూయించాక అదీ పోయింది. వీధికి సిమెంటు రోడ్డు వేసి వేసి ఎత్తు పెంచాక తూర్పు కంతలు మట్టిలో సగం కూరుకుపోయాయి. ఆ మట్టి తవ్వి గోడ వెంట జానెడు లోతు కాలువ తీశాం. పడమటి గోడకు ఆనించి పేర్చిన పిడకలు, కట్టెలు తీసి దొడ్డి అవతలకు మార్చాం. స్నానాల నీళ్ళు గోడ మొదట్లోనే ఇంకిపోతున్నాయని గొట్టం వేసి అరటి చెట్ల దాకా పంపాం. ఒక్కొక్క పని చేస్తుంటే ఇంటికి మేమే ఎంత అన్యాయం చేశామో తెలుస్తూ వచ్చింది. ఇంత కాలం నిలబడిందంటే మా మామ గోడల గొప్పతనమే.

"ఇంగ పాములు రాకుండా ఏం చేస్తావప్పా?" అని అడిగాను.

"జాలీ కొడతా. ఆ పొద్దే ఇంత జాలీ ముక్క కొట్టి ఉంటే పోతాండె గదా అవ్వా. గాలిని ఆపితే పాము ఆగుతాదా?"

మా కొడుకు సిరుగుప్ప బియ్యం మిల్లులో పాత జల్లెడ అడిగి తెచ్చాడు. అది మరీ సన్నం. పది రోజుల్లో దుమ్ము, పొట్టు పట్టి అట్ట కట్టింది. దాన్ని తీసేసి, వేలు పట్టనంత కంతలున్న ఇనుప జాలీ కొట్టించాం. నెల తిరిగేసరికి నడింట్లో అప్పడాలు మెత్తబడటం మానాయి. ఉప్పు డబ్బాలో నీరు లేదు. చాప అడుగు తెల్లగా ఉంది. టైల్సు పోయినందుకు మా కొడుకు కొన్నాళ్ళు మూతి ముడుచుకున్నాడు గానీ, మధ్యాహ్నం పూట బండ మీద గురక పెట్టేది వాడే.

కాలువకు నీళ్ళు వదిలారు. చేలన్నీ నాట్లకు మునిగాయి. నేను రోజూ పొద్దున లేవగానే బండలు తడిమి చూసుకునేదాన్ని. అన్నీ పొడి. ఒక్క మూల తప్ప. నడింట్లో తూర్పు మూల, నాలుగో కంతకు ఎదురుగా, రెండు బండలు చల్లగా అంటుకునేవి. అంత పెద్ద ఇంట్లో రెండు బండలే గదా, వియ్యపురాలు ఏం చూడబోతుందిలే అని, దాని మీద వడ్ల గరిసె జరిపించాను. మళ్ళీ దాచడమే! బుద్ధి ఎక్కడ మారుతుంది?

శ్రావణంలో రెండో శుక్రవారం, అన్నట్టే ఆమె వచ్చింది. మనవరాలినీ, రాత్రి పని దిగి వచ్చిన దాని మొగుడినీ వెంటబెట్టుకుని మొదటి బస్సుకే దిగింది. కాళ్ళు కడుక్కుని నేరుగా నడింట్లోకి నడిచింది. వంగి ఒక్కొక్క బండ మీద చెయ్యి ఆనించుకుంటూ పోయింది. ముఖంలో ఏమీ తెలియనివ్వలేదు. గరిసె దగ్గరికి వచ్చి ఆగింది.

"ఇది పోయినసారి ఈడ ల్యాకుండె."

మా మనవరాలు పెదవి కొరుక్కుంటూ నన్నే చూస్తోంది. మా కొడుకు గరిసె పక్కకు జరిపాడు. ఆమె చెయ్యి ఆనించి, తీసి, నాకు చూపించింది. తడి.

"మిగతాదంతా పొడి ఉండాది పెద్దమ్మా, ఒప్పుకుంటా. ఈ మూల ఎందుకు ఆరల్ల్యా?"

"తెల్లేదమ్మా," అన్నాను. ఈసారి నిజంగా తెలియదు.

బేల్దారికి కబురు పోయింది. వచ్చాడు, ఆయన భార్యా వచ్చింది. సిమెంటు మాలు కలిపి అందించే పని ఆమెది. మూలను చూసి, బయటికి పోయి తూర్పు నాలుగో కంత ముందు నిలబడి, ఆయన భార్యతో ఏదో అన్నాడు. ఆమె నా దగ్గరికి వచ్చింది. "అవ్వా, సాంబ్రాణి ఉండాదా? ఈ నెల గాలి పడమర నుంచే గదా. ఆడ పొగ పెడితే ఈడ ఎన్ని కంతల్లోంచి వస్తాదో చూద్దాం."

పాత మూకుడులో నిప్పులు వేసి, సాంబ్రాణి, పచ్చి వేపాకు చల్లి పడమటి గోడ దగ్గర పెట్టాం. మనవరాలి మొగుడు నిద్ర కళ్ళతోనే చేటతో విసిరాడు. కాసేపటికి తూర్పున మొదటి కంతలోంచి పొగ వచ్చింది. రెండో దాంట్లోంచి, మూడో దాంట్లోంచి. నాలుగోది నోరు తెరుచుకుని ఊరికే చూస్తోంది.

"దొరికింది," అన్నాడు బేల్దారి. "లోపల అడ్డ గోడ కంత పూడిపోయింది."

జాలీ ఊడదీసి, బోర్లా పడుకుని, పొడుగాటి వెదురు బొంగు లోపలికి తోశాడు. మెత్తగా ఏదో తగిలింది. బొంగు మెలి తిప్పి లాగితే గుడ్డ పీలికలు వచ్చాయి. మొక్కజొన్న పొత్తుల పీచు. మా మనవరాలి కన్నడ వాచకంలో సగం పేజీలు. ఎనిమిదేళ్ళ కిందట పోయిందని నేను పక్కింటామెతో తగవు పడిన నా ఊదా రవిక.

"నా రవికే!" అన్నాను.

ఆ మాట పూర్తి కాకముందే కంతలోంచి పిల్లి అంత పందికొక్కు ఒకటి బేల్దారి భుజం మీదుగా దూకింది. దాని వెనక నాలుగు పిల్లలు. బేల్దారి బొంగు వదిలేసి దొర్లాడు. ఆయన భార్య నిప్పులు కదిపిన గరిటె ఎత్తింది. తోరణగల్లు వియ్యపురాలు, అంత గట్టి మనిషి, చీర మోకాళ్ళ దాకా ఎత్తిపట్టి ఒక్క గెంతుతో నులక మంచం ఎక్కి, "అయ్యప్పా, హోగు! హోగు!" అని, పొమ్మని కన్నడంలో కొక్కును బతిమాలింది. కొక్కు ఆమె మంచం కిందనుంచే పోయింది. మా మనవరాలు కడుపు పట్టుకుని నవ్వుతూ అరుగు మీద కూలబడింది. "నవ్వొద్దే, నొప్పులొస్తాయి," అంటే ఇంకా నవ్వింది.

కంతలు మూస్తే పాములే కాదు, పందికొక్కులూ రావని నేను అనుకున్నాను. అవి నేల కిందనుంచి తవ్వుకుని వచ్చి, గాలి ఆడని మెత్తని చీకట్లో, నా రవిక పరుచుకుని కాపురం పెట్టాయి.

బేల్దారి లేచి మట్టి దులుపుకుని మళ్ళీ బొంగు తోశాడు. ఈసారి అది ఆగకుండా లోపలికి పోయింది. మేము అందరం వరసగా నిలబడి ఆ కంతకేసి చూస్తూ ఉన్నాం. మొదట సన్నగా, దారంలా, తర్వాత దొంతరలుగా పొగ వచ్చింది. పది గంటల ఇరవై నిమిషాలు. సాంబ్రాణి వాసన, దానిలో వేప చేదు, దాని అడుగున ఆ పాత కంపు, చివరిసారిగా. అప్పుడే ఆ మనిషి ఇల్లు అంటుకుందని పరుగెత్తుకుంటూ వచ్చాడు. విషయం చెప్తే, సంచి తెచ్చుకుని మాతో పాటే నిలబడి చూశాడు, పని మానుకుని.

వియ్యపురాలు మంచం దిగింది. లోపలికి పోయి ఆ మూల బండ మీద మళ్ళీ చెయ్యి పెట్టింది. తడి ఎట్లా ఆరుతుంది అంతలోనే? నా ప్రాణం అంతా ఆ చేతి మీదే ఉంది.

"ఆరేకి ఎన్ని దినాలు పడతాదప్పా?" అని బేల్దారిని అడిగింది.

"ఈ గాలికి పదైదు దినాలు చాలమ్మా."

ఆమె తలాడించింది. ఔను అనలేదు, కాదు అనలేదు. భోజనాలు పెట్టాం. తిన్నాక ఆమె చాప వద్దంది. నడింట్లో పొడి బండల మీద కొంగు పరుచుకుని, చెంప ఆనించి, "చూస్తా ఒక గడియ," అని కళ్ళు మూసుకుంది. పరీక్ష చేస్తోందనుకుని మేమంతా గోడల వెంట మాట్లాడకుండా కూర్చున్నాం. కాసేపటికి నోరు తెరుచుకుంది. నిద్ర! మూడు గంటల బస్సు హారన్ కొట్టి పోయింది. లేపుదామా అని మా కోడలు సైగ చేస్తే నేను వద్దన్నాను.

నాలుగింటికి లేచి కూర్చుంది. ముందు తన చెంప తడిమి చూసుకుంది. పొడిగా ఉంది, బండ గీతలు పడి ఉన్నాయి.

"బస్సు పోయినాదా?"

"పోయినాదమ్మా."

"లేపరాదా పెద్దమ్మా?"

"పరీక్షలో ఉండావని ఊరుకుంటిని."

ఆమె నవ్వుతూ జుట్టు ముడి వేసుకుంది. తర్వాత మా కోడలి వైపు తిరిగి, "శ్రీమంతం కానీ అక్కా. అయినంక పిల్లను తోడుకొని రాండి," అంది. మా మనవరాలు లేచి వచ్చి నా భుజం మీద తల పెట్టింది.

"ఒక మాట ఉండాది పెద్దమ్మా," అంది ఆమె, ఈసారి గొంతు తగ్గించి. "కూసుకు నీళ్ళు పోసేటప్పుడు నన్నూ పక్కన కూర్చోబెట్టుకోవల్ల. నా కొడుక్కి మా అత్తే పోసింది. నేను చూస్తా నిలబడితి, చెయ్యి పెట్టల్ల్యా. మా ఇంట్లో ఇంగ ఎవరికీ తెల్లేదు. తొట్టి అన్నది అందుకే."

"తొలి దినమే చేతికిస్తా. జారవిడిస్తే నీ వీపు పగులుతాది," అన్నాను.

"సరే," అంది.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు వీళ్ళు: నేను, నా కొడుకు, నాకు అక్షరాలు నేర్పిన నా కోడలు, మా బేల్దారి, ఆయన భార్య, నిప్పుల మీద చేటతో విసిరి, తర్వాత అరుగు మీదే నిద్రపోయిన మనవరాలి మొగుడు, బస్సు దిగి కేకలు పెట్టి, భోజనం చేసి పోయిన ఆ మనిషి (ఏ ఊరో అడగడం మరిచాం), తోరణగల్లు నుంచి వచ్చిన వియ్యపురాలు, మా మనవరాలు, దాని కడుపులో ఏడో నెల బిడ్డ.